కింద నుంచి చూసేవాళ్ల ఓటు

పటం మీద చెన్నై విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోంచి, ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమగా పోతుంది. గీత పొడవు సుమారు 500 కిలోమీటర్లు. ఆకాశంలో దారులు స్కేలు గీసినంత సూటిగా ఉండవు. అయినా ఈ రెండు ఊళ్లవాళ్లకు తల మీద విమానం కొత్త కాదు. చేలో కలుపు తీస్తున్నవాళ్లయినా, ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డవాళ్లయినా, సోమశిల జలాశయం కట్ట మీద గాలికి కూర్చున్నవాళ్లయినా తలెత్తితే కనిపించేది విమానం పొట్ట, రెక్కల కింది వైపు. చప్పుడు వినపడ్డచోట వెతికితే అది దొరకదు. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి శబ్దం నేలకు దిగడానికి అర నిమిషం పడుతుంది. ఆలోగా విమానం ఆరేడు కిలోమీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఆకాశం కేసి చూసే అలవాటున్న పిల్లలకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు, చప్పుడుకు ముందువైపే చూస్తారు.

ఇంతవరకూ తయారైన విమానాల్లో అన్నిటికంటే అందమైనది ఏది? విమానాలంటే ప్రాణం పెట్టేవాళ్లు ప్రపంచమంతటా ఈ ప్రశ్న మీద దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. స్పిట్‌ఫైర్ అని ఒకరు, కాంకార్డ్ అని ఒకరు, లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ అని ఇంకొకరు, నల్లటి ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్‌ను మించింది లేదని మరొకరు. సినిమా తారల గురించి మన దగ్గర జరిగే వాదనల్లో ఉన్నంత ఆవేశం ఇందులోనూ ఉంటుంది. అయితే ఈ వాదనంతా చాలావరకు ఫొటోల మీద నడుస్తుంది. నేల మీద నిలబెట్టిన విమానం, పక్క నుంచి తీసిన ముక్కు, దాని మీద రంగు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. విమానం అందం దాని రెక్కలో ఉంటుంది. రెక్క పూర్తి రూపం తెలియాలంటే అది ఎగురుతూ ఉండాలి, చూసేవాళ్లు దాని కింద ఉండాలి. తాను ఏ పనికి పుట్టిందో, ఎంత వేగం పోగలదో, ఎంత బరువు మోయగలదో ఆ రూపం నిజాయతీగా చెప్పాలి. అలా చెప్పి, చెప్పిన మాట నిలబెట్టుకున్న విమానమే అందమైన విమానం. ఈ కొలత పెట్టుకుంటే ప్రసిద్ధమైన పేర్లు కొన్ని పైకి వస్తాయి, కొన్ని జారిపోతాయి, మనవైపు ఎవరూ పట్టించుకోని ఒకటి రెండు పేర్లు ముందుకొస్తాయి.

స్పిట్‌ఫైర్‌తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఏ జాబితా చూసినా మొదటి రెండు మూడు పేర్లలో అది ఉంటుంది. 1936 మార్చి 5న ఇంగ్లండ్‌లో తొలిసారి ఎగిరింది. రూపకర్త ఆర్.జె. మిచెల్ ఆ మరుసటి ఏడాదే 42 ఏళ్లకు క్యాన్సర్‌తో పోయాడు, తన విమానం రెండో ప్రపంచ యుద్ధంలో ఏం చేసిందో చూడలేదు. దాని రెక్క దీర్ఘవృత్తాకారం, మొదట్లో వెడల్పుగా మొదలై చివరికి మెత్తగా మూసుకుంటుంది. అందం కోసం గీసిన గీత కాదది. రెక్క పలచగా ఉంటేనే వేగం. కానీ ఆ పలచని రెక్కలోనే చక్రాలు ముడుచుకోవాలి, ఎనిమిది తుపాకులు పట్టాలి. మొదట్లో వెడల్పు ఎక్కువ ఉంటే మందం తగ్గినా లోపల చోటు మిగులుతుంది. పైగా గాలి వెనక్కి లాగే బలం ఆ ఆకారానికి తక్కువ. గాలి శాస్త్రం తెలిసిన బెవర్లీ షెన్‌స్టోన్ అనే ఇంజినీరు ఆ లెక్కలు వేశాడు. అవసరాలన్నీ ఒకచోట కలిసినప్పుడు పుట్టిన గీత కాబట్టే తొంభై ఏళ్లయినా దాని మీద చూపు నిలుస్తుంది.

ఈ విమానానికీ మన నేలకూ సంబంధం ఉంది. అది పుస్తకాల్లో అడుగున పడిపోయింది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ పేరు ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన డబ్బుకు గుర్తుగా పెట్టిన పేరది. నిజాం బిరుదుల్లో ఒకటైన ‘నమ్మకమైన మిత్రుడు’ అన్నమాటే దాని నినాదం, నిజాం తలపాగా దాని చిహ్నం. 1940లో బ్రిటన్ ఆకాశం కోసం జరిగిన పోరులో ఆ స్క్వాడ్రన్ డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడింది. తర్వాత బర్మా రంగానికి వచ్చింది. అప్పటి దాని స్పిట్‌ఫైర్ల పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. ఇక 234వ స్క్వాడ్రన్ పేరు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’. అది కూడా 1940లో స్పిట్‌ఫైర్లే నడిపింది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అంటే ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు ఉన్న రాష్ట్రం పేరు మోస్తూ ఆ రెక్కలు ఇంగ్లిష్ ఛానెల్ మీద ఎగిరాయి. ఆ రెక్కల్ని దగ్గర నుంచి చూడాలంటే మనవాళ్లు ఈనాడు ఢిల్లీ వెళ్లాలి. పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో స్పిట్‌ఫైర్ ఉంది.

హైదరాబాద్ పేరు మోసిన స్క్వాడ్రన్ 152 ఒక్కటే కాదు. అంతకు ముందే, 1918లో, 110వ స్క్వాడ్రన్‌కు నిజాం డీహెచ్-9ఏ బాంబర్లు సమకూర్చాడు. కర్ర చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, రెండంతస్తుల రెక్కలు. అదే స్క్వాడ్రన్ రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బర్మా రంగంలో నడిపింది ఇంకో కర్ర విమానం, డి హావిలాండ్ మస్కిటో.

మస్కిటో దగ్గర కాస్త ఆగాలి. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరిన ఈ విమానాన్ని ఇంచుమించు పూర్తిగా చెక్కతో కట్టారు. పలచని బర్చ్ చెక్క పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టి, అచ్చు మీద వంచి, జిగురుతో అతికి, శరీరాన్ని కుడి ఎడమ రెండు దొప్పలుగా చేసి కలిపేవారు. లోహం కొరత ఉన్న రోజులు. కుర్చీలు బల్లలు చేసే వడ్రంగులు, పియానోలు తయారుచేసే పనివాళ్లు దీని భాగాలు చేశారు. 7,700 పైచిలుకు తయారయ్యాయి. రెండు మెర్లిన్ ఇంజిన్లతో ఆ కాలపు యుద్ధ విమానాల్లో చాలావాటికి అందనంత వేగంగా పోయేది. రేకు విమానాల్లో కనిపించే రివెట్ల వరసలు దీని ఒంటి మీద లేవు. గాలి జారిపోయే నున్నదనం చెక్క వల్లే వచ్చింది.

ఉదయగిరివాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. దుర్గం కొండ అడవి చెక్కతో అక్కడ చేసే గరిటెలు, చెంచాలు దేశమంతా పోతాయి, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మంచి గరిటె పట్టుకుంటే తెలుస్తుంది: కాడ ఎక్కడ సన్నబడాలో చేయి చెబుతుంది, గుంట ఎంత లోతుండాలో కూర చెబుతుంది, చెక్క ఎటు వంగాలో దాని ఈనె చెబుతుంది. పనివాడు ఆ ముగ్గురి మాటా విని చెక్కుతాడు. మస్కిటో అలా వచ్చిన వస్తువే. అందుకే దాన్ని చూస్తే యంత్రాన్ని చూసినట్టుండదు, ఒక మనిషి అరచేత్తో తడిమి సరిచూసిన పనితనాన్ని చూసినట్టుంటుంది.

అయితే చెక్కకు మన ఎండ పడలేదు. 1944లో ఇండియా, బర్మా ప్రాంతాల్లో కొన్ని మస్కిటోల రెక్కల్లో అతుకులు విడిపోయి ప్రమాదాలు జరిగాయి, కొన్నాళ్లు వాటిని ఎగరనివ్వలేదు. మొదట్లో వాడిన జిగురు పాల నుంచి తీసే కేసీన్ రకం. వేడికీ తేమకూ అది నిలవదు. అతికిన తీరులోనూ లోపాలు బయటపడ్డాయి. ఇంగ్లండ్ చలిలో ఇచ్చిన మాట ఈ వాతావరణంలో చెల్లలేదు. ఇది ఆకారం తప్పు కాదు, కనపడని అతుకు తప్పు. మస్కిటోను జాబితాలోంచి తీసేయడానికి అది చాలదు.

చూడ్డానికి బాగున్న విమానం బాగా ఎగురుతుందని ఫ్రెంచ్ విమాన నిర్మాత మార్సెల్ దస్సో అనేవాడని ప్రతీతి. విమాన ప్రియులకు ఇది వేదవాక్యం. కానీ సగం నిజమే. బాగా ఎగిరే అనాకారి విమానాలు చాలా ఉన్నాయి. 2022 డిసెంబరులో శంషాబాద్‌లో ఇంధనం కోసం దిగిన ఎయిర్‌బస్ బెలూగా ఒకటి. విమాన భాగాలు మోయడానికి వీపు ఉబ్బించి కట్టారు. చూసినవాళ్లు నవ్వుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, అది తన పని తాను చూసుకుని వెళ్లిపోయింది. ఇక అందంగా ఉండి మోసం చేసినదాని కథ బాధాకరం.

డి హావిలాండ్ కామెట్ ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం. 1952 మే 2న సర్వీసు మొదలైంది. నాలుగు ఇంజిన్లూ రెక్కల మొదట్లోనే ఇమిడిపోయి, బయటికి ఏదీ వేలాడకుండా, రెక్క ఒకే గీతగా ఉండేది. ఆ తర్వాత వచ్చిన జెట్లలో చాలావరకు ఇంజిన్లను రెక్క కింద సంచుల్లా వేలాడదీసుకున్నవే. కామెట్ అంత శుభ్రమైన రూపం మళ్లీ రాలేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా నుంచి లేచిన ఒక కామెట్ తుపాను గాలుల్లో చిక్కి కూలింది, 43 మంది పోయారు. 1954లో మరో రెండు మధ్యధరా సముద్రం దగ్గర ఆకాశంలోనే విచ్చిపోయాయి. ఇంజినీర్లు ఒక కామెట్‌ను నీళ్ల తొట్టిలో దించి వేల సార్లు లోపలి ఒత్తిడి పెంచి తగ్గించి చూశారు. కిటికీలాంటి రంధ్రాల మూలల దగ్గర లోహం అలిసి పగులుతోందని తేలింది. ఆ పాఠంతోనే నేటి విమానాల కిటికీలు మూలలు లేకుండా గుండ్రంగా ఉన్నాయి. కామెట్ రూపం చెప్పిన మాట ఒకటి, లోహం చేయగలిగింది ఒకటి. ఎంత ముద్దొచ్చినా దానికి మొదటి స్థానం ఇవ్వలేం. కలకత్తా దగ్గర పోయిన ఆ 43 మంది గుర్తుండాలి.

మరి మొదటి స్థానం ఎవరిది? ఈ వ్యాసం దృష్టిలో సందేహం లేదు: కాంకార్డ్‌ది. ఎందుకో చెప్పాలంటే మళ్లీ రెక్క దగ్గరికే రావాలి. ప్రయాణికులతో ధ్వనికి రెండింతల వేగంతో పోవాలంటే రెక్క పలచగా, వెనక్కి వాలిన త్రిభుజంలా ఉండాలి. కానీ అలాంటి రెక్క నెమ్మదిగా దిగేటప్పుడు విమానాన్ని మోయలేదు. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి శత్రువులు. బ్రిటిష్, ఫ్రెంచ్ ఇంజినీర్లు రెక్క ముందంచును సూటిగా గీయకుండా, ముక్కు దగ్గర సన్నగా మొదలుపెట్టి, లోపలికి వంచి, మళ్లీ బయటికి తిప్పి, చివరికి ఒదిగించారు. దిగేటప్పుడు ముక్కు పైకెత్తితే ఆ వంపు మీద గాలి సుడులు తిరిగి, ఆ సుడుల బలమే విమానాన్ని నిలబెట్టేది. ముక్కు ఎత్తితే పైలట్లకు రన్‌వే కనపడదు కాబట్టి ముక్కునే కిందికి వంచే ఏర్పాటు చేశారు. చూసేవాళ్లకు కొంగ నేలకు దిగుతున్నట్టు అనిపించే ఆ భంగిమలో అలంకారం ఒక్కటీ లేదు. తెల్ల రంగు కూడా షోకుకు కాదు. రెండింతల ధ్వనివేగంలో గాలి రాపిడికి ఒళ్లు వేడెక్కి, విమానం పొడవు కొన్ని అంగుళాలు పెరిగేది. ఆ వేడిని వెనక్కి పంపడానికి తెలుపు.

కాంకార్డ్ 1969 మార్చి 2న మొదట ఎగిరి, 1976 జనవరి 21న ప్రయాణికుల్ని ఎక్కించుకుని, 2003 అక్టోబరు 24న చివరిసారి టికెట్ కొన్నవాళ్లను మోసింది. 20 మాత్రమే తయారయ్యాయి. 2000 జులై 25న పారిస్ దగ్గర ఒకటి కూలి 113 మంది చనిపోయారు. ఆ ఒక్కటి తప్పితే ఇరవై ఏడేళ్ల సర్వీసులో ప్రయాణికుడి ప్రాణం తీయలేదు. లండన్ నుంచి బహ్రెయిన్ మీదుగా సింగపూర్‌కు కొన్నాళ్లు నడిపారు కానీ, భారత భూభాగం మీద ధ్వనివేగాన్ని మించి పోవడానికి మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. నేల మీద పడే పేలుడు లాంటి శబ్దాన్ని తలచుకుంటే ఆ నిర్ణయం సబబే. పంట చేల మీద, పశువుల మీద, పాత మిద్దెల మీద రోజూ ఆ మోత మోగించే హక్కు వంద మంది ధనికుల తొందరకు లేదు. కాంకార్డ్‌ను ఎంతగా మెచ్చుకునేవాళ్లయినా ఈ మాట ఒప్పుకోవాలి.

బ్లాక్‌బర్డ్ సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ధ్వనికి మూడింతల వేగం, టైటానియం ఒళ్లు, నల్ల రంగు. అద్భుతమే. కానీ దాని పని రహస్యంగా చూడటం, తాను ఎవరికీ కనపడకపోవడం. కింద నిలబడి చూసేవాళ్ల ఓటు దానికి ఎలా పడుతుంది?

పరిమాణంలోనూ అందం ఉంటుందా అన్న ప్రశ్న 2016 మే నెలలో శంషాబాద్‌కు వచ్చింది. ఆస్ట్రేలియాకు ఒక భారీ జనరేటర్ మోసుకెళుతూ ఆంటొనొవ్ ఏఎన్-225 అక్కడ ఆగింది. ఆరు ఇంజిన్లు, 88 మీటర్ల రెక్కలు, 32 చక్రాలు. ప్రపంచంలో ఆ రకం ఒక్కటే పూర్తయింది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన రోజుల్లో కీవ్ దగ్గర హోస్టొమెల్‌లో ధ్వంసమైంది. దాన్ని అందగత్తె అని ఎవరూ అనరు. కానీ భుజాలు దించి, రెండు తోకలు నిలబెట్టి, మోయడానికే పుట్టానని అది చెప్పిన తీరులో అబద్ధం లేదు.

మన ఇంటి విమానాల గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటాలు నడిపింది. హైదరాబాద్, మద్రాసు మధ్య తిరిగిన ఆ రెండు ఇంజిన్ల విమానాల చప్పుడు ఈ మెట్ట ఊళ్ల పెద్దవాళ్లు విని ఉంటారు. దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళగా పేరొందిన ప్రేమ్ మాథుర్ ఉద్యోగంలో చేరింది ఆ సంస్థలోనే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా అంటే డీసీ-3, 1935లో మొదటిసారి ఎగిరింది. ముద్దుగా, బొద్దుగా, తోక నేలకు ఆనించి కూర్చునే ఆ రూపం ఏ అందాల పోటీలోనూ గెలవదు. కానీ మట్టి రన్‌వేల మీద దిగుతాను, సరుకైనా మనుషులనైనా మోస్తాను, చెడిపోతే సుత్తీ స్పానరుతో బాగుపడతాను అని ఆ రూపం చెప్పింది, అన్నంతా చేసింది. అందుకే ఎవరైనా అది అందంగా ఉందంటే తల ఊపడం తప్ప చేయగలిగింది లేదు.

ఎయిరిండియా 747లది ఇంకో రకం అందం. 1971 నుంచి వచ్చిన ఆ విమానాల కిటికీల చుట్టూ రాజస్థానీ ఝరోకాల్లా ఎర్ర కమాన్లు వేశారు. కొందరు విమాన ప్రియులకు ఇది గిట్టదు. రంగు పూసి అందం తెచ్చుకోవడం ఏమిటంటారు. ఆ వాదనలో బలం ఉంది. అయినా పరాయి దేశపు విమానాశ్రయంలో ఆ కమాన్లు కనపడగానే ప్రాణం లేచొచ్చిన లక్షల మంది మన వలస కూలీల కళ్లను ఏం చేయాలి? 2024 ఏప్రిల్ 22న ఎయిరిండియా ఆఖరి 747 ముంబయి నుంచి లేచి, రెక్కలు అటూ ఇటూ ఊపి వెళ్లిపోయింది. ఆ వీడియోను చూసినవాళ్లలో గల్ఫ్‌కు పోయొచ్చిన పడమటి మండలాలవాళ్లు ఎంతో మంది ఉండి ఉంటారు.

ఇప్పటి విమానాలన్నీ ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదు నిజం. లెక్క ఒకటే అయినప్పుడు జవాబూ ఒకటే అవుతుంది. ఎయిర్‌బస్ 320నూ బోయింగ్ 737నూ కింద నుంచి గుర్తుపట్టాలంటే అనుభవం కావాలి. అయినా కొత్తదనం పూర్తిగా చావలేదు. 2024 జనవరిలో బేగంపేటలో జరిగిన వింగ్స్ ఇండియా ప్రదర్శనకు బోయింగ్ 777ఎక్స్ వచ్చింది. దాని రెక్క దాదాపు 72 మీటర్లు. అంత పొడవు విమానాశ్రయాల్లో పట్టదని, నేల మీద రెక్క చివరలు పైకి మడుచుకునేలా చేశారు. ఎగిరేముందు చాచుకుంటుంది. దాన్ని చూసినవాళ్లకు కొత్త తరం రెక్క ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా పోతోందో తెలిసే ఉంటుంది. ఇంధనం పొదుపు చేసే అందం ఇది. కాంకార్డ్‌కు పూర్తిగా ఎదురు దిక్కు.

తెలుగువాళ్లు చేత్తో తాకి చూడగల గొప్ప విమానం ఒకటి విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉంది. నౌకాదళం వాడిన టీయూ-142. 1988లో మన సేవలోకి వచ్చింది. 29 ఏళ్లు ప్రమాదం లేకుండా ఎగిరి, 2017 మార్చిలో అరక్కోణంలో విశ్రాంతి తీసుకుంది. ఆ డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. జెట్ విమానంలా వెనక్కి వాలిన రెక్కలు, వాటికి నాలుగు ప్రొపెల్లర్ ఇంజిన్లు. ఒక్కో ఇంజిన్‌కు ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ఒక్కో ఇంజిన్ బలం సుమారు 15 వేల గుర్రాలు. జెట్ రెక్కకు ప్రొపెల్లర్ ఏమిటని మొదట కన్ను ఒప్పుకోదు. సముద్రం మీద పగలూ రాత్రీ తేడా లేకుండా గంటల తరబడి తిరిగి జలాంతర్గాముల్ని వెతకాలంటే వేగమూ కావాలి, పొదుపూ కావాలి. ఆ రెండింటి రాజీ ఈ వింత ఆకారం. పని తెలిశాక అదే ఆకారం కంటికి నచ్చడం మొదలుపెడుతుంది. అక్కడ సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయే పిల్లలను ఎవరో ఒకరు రెక్క కిందికి తీసుకెళ్లి ఈ సంగతి చెప్పాలి. సెల్ఫీల్లో ముక్కు పడుతుంది, రెక్క పడదు.

ఇక మారుత్. దేశంలోనే రూపొందించి తయారుచేసిన మొదటి జెట్ యుద్ధ విమానం, హెచ్ఎఫ్-24. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి ఫోకె-వుల్ఫ్ 190 రూపొందించిన కుర్ట్ టాంక్ 1956లో బెంగళూరు వచ్చి, విమానాలు చేసే హిందుస్థాన్ సంస్థ (హెచ్ఏఎల్) ఇంజినీర్లతో కలిసి దీన్ని గీశాడు. 1961 జూన్ 17న సురంజన్ దాస్ దాన్ని మొదట ఎగరేశాడు. సన్నని ముక్కు, నడుము దగ్గర నొక్కినట్టు లోపలికి పోయిన ఒళ్లు, వెనక్కి బాగా వాలిన రెక్కలు. ధ్వనివేగం దగ్గర గాలి అడ్డు తగ్గాలంటే రెక్క ఉన్నచోట ఒళ్లు సన్నబడాలన్న సూత్రం అప్పటికి పదేళ్లు కూడా నిండని కొత్త విద్య. మనవాళ్లు దాన్ని పట్టుకున్నారు. ప్రపంచ జాబితాలు రాసేవాళ్లు మారుత్‌ను మర్చిపోతారు. అది అన్యాయం. ఆ తరం విమానాల్లో అంత పొందికైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దాని దురదృష్టం ఇంజిన్. రూపం అడిగినంత బలమైన ఇంజిన్ దొరకలేదు. బ్రిటన్‌లో తయారు కావాల్సిన పెద్ద ఆర్ఫియస్ ఇంజిన్ పనికి డబ్బు పెట్టేవాళ్లు లేక ఆగిపోయింది, మనమూ పెట్టలేదు. చిన్న ఆర్ఫియస్‌లు రెండింటితో సరిపెట్టారు. ధ్వనివేగాన్ని దాటడానికే గీసిన విమానం ఆ వాకిట్లోనే ఆగిపోయింది. అయినా 147 తయారయ్యాయి, 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారి మీద బాగా పోరాడాయి. మొదట ఎగరేసిన సురంజన్ దాస్ 1970 జనవరిలో మారుత్ పరీక్షలోనే ప్రాణం కోల్పోయాడు. కామెట్ అందంగా ఉండి మాట తప్పింది. మారుత్ మాట తప్పలేదు, దానికి ఇవ్వాల్సింది మనం ఇవ్వలేదు. ఆ లెక్కన కాంకార్డ్ తర్వాతి చోటు మారుత్‌కు ఇస్తే ఈ దేశం వాళ్లెవరూ తప్పు పట్టరు.

ఇంత చెప్పుకున్నాక ఒక మాట అడగాలి. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో రాకెట్ లేవడం చూడ్డానికి 2019 నుంచి గ్యాలరీ ఉంది. జిల్లా జనం మేడలెక్కి, చెరువు కట్టలెక్కి ఆ వెలుగు చూసే అలవాటు అంతకంటే పాతది. విమానానికి అలాంటి చోటు లేదు. జిల్లాలో కడతామన్న దగదర్తి విమానాశ్రయం ఏళ్ల తరబడి మాటల్లోనే నానుతూ వచ్చింది. 2024 మార్చి 18న బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద వైమానిక దళం సుఖోయ్-30 యుద్ధ విమానాలు, హాక్ శిక్షణ విమానాలు, ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలతో విన్యాసం చేసినప్పుడు చుట్టుపక్కల ఊళ్లు కదిలొచ్చాయి. ఆసక్తి లేదనడానికి వీల్లేదు, చూపించేవాళ్లే లేరు.

చూపించడానికి ఇప్పుడొక అవకాశం ఉంది. వైమానిక దళం మిగ్-21 యుద్ధ విమానాలు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి. 1963 నుంచి ఆరు దశాబ్దాలకు పైగా దేశానికి కాపు కాశాయి. వాటి లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలు చేయడానికే హైదరాబాద్ బాలానగర్‌లో హిందుస్థాన్ సంస్థ 1965లో కర్మాగారం పెట్టింది. అంటే తెలుగు పనివాళ్ల చేయి పడిన విమానం అది. దాని రెక్క చిన్న త్రిభుజం, ఒళ్లు గొట్టం. వేగంగా పైకి లేవడానికి పుట్టింది. దిగేటప్పుడు గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగం, చేయి వణికితే క్షమించదు. ఎందరో యువ పైలట్లను బలి తీసుకుంది. ఆ కఠినత్వం కూడా దాని ఆకారంలోనే రాసి ఉంది. పిల్లలకు విమాన శాస్త్రం చెప్పడానికి అంతకంటే మంచి బొమ్మ దొరకదు.

రిటైరైన విమానాలను ప్రదర్శనకు పెట్టుకోవడానికి విద్యాసంస్థలకు, ప్రభుత్వాలకు వైమానిక దళం ఇస్తూనే ఉంది. దేశంలో ఎన్నో ఊళ్ల కూడళ్లలో అలాంటివి నిలబడి ఉన్నాయి. పడమటి మెట్టకు మిగ్-21 ఒకటి రావాలి. ఆత్మకూరులో పెడతారా, ఉదయగిరి దుర్గం కింద పెడతారా అన్నది స్థానికులు తేల్చుకోవాల్సిన విషయం. పెట్టేటప్పుడు కంచె వేసి, రంగులు పూసి వదిలేయకుండా, పక్కన తెలుగులో పెద్ద బోర్డు పెట్టాలి: రెక్క ఎందుకు త్రిభుజం, ఇంజిన్ గాలి ఎక్కడ పీల్చుకుంటుంది, బాలానగర్‌లో ఏ భాగాలు చేశారు. ఉదయగిరి, ఆత్మకూరు కాలేజీల్లో చదివే పిల్లలు ఆ బోర్డు రాయగలరు. అడగాల్సింది ఆత్మకూరు మున్సిపాలిటీ, ఉదయగిరి పంచాయతీ, వాళ్ల తరఫున జిల్లా కలెక్టరు. ఆ విమానాలు తుక్కు కిందకు పోకముందే ఆ దరఖాస్తు ఢిల్లీ చేరాలి.